రెండు పడవలు, ఒక పంటు

"అమ్మమ్మా, రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు కదా. నేను చెయ్యబోతున్నది అదేనా?"

మొన్న మే నెలలో మా మనవరాలు డిగ్రీ ప్రాస్పెక్టస్ తెచ్చి నా ఒళ్లో పెట్టి అడిగిన మాట ఇది. ఇంటర్ ఎంపీసీ అయింది. నాలుగేళ్ల ఆనర్స్‌లో చేరబోతోంది. మేజర్‌గా ఫిజిక్స్ తీసుకోవడం మీద ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా దరఖాస్తులో దాని పక్క గడి దగ్గర. అక్కడ మైనర్‌గా ఫిలాసఫీ రాస్తానని దాని పట్టు. కంప్యూటర్ సైన్స్ రాయమని వాళ్ల నాన్న పట్టు. దాంతో పాటు ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ కూడా చెయ్యమంటాడు మా అల్లుడు. ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని 2022లో యూజీసీ చెప్పిందిగా అంటాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. ముందు అంకెలు చూశాను. యూజీసీ కొత్త చట్రంలో నాలుగేళ్ల ఆనర్స్‌కి 160 క్రెడిట్లు. అందులో కనీసం సగం, అంటే 80, మేజర్‌కి. మైనర్‌కి 32. మైనర్ చాలదు, రెండో మేజరే కావాలంటే మొత్తంలో 40 శాతం, అంటే 64 క్రెడిట్లు ఆ రెండో సబ్జెక్టులో తెచ్చుకోవాలి. కూడిక చక్కగానే ఉంది. కానీ పిల్ల అడిగింది కూడిక గురించి కాదు. ఒక మనిషి బుద్ధిని రెండుగా పంచితే అది బుద్ధిగా మిగులుతుందా అని అడిగింది. ఇది ప్రాస్పెక్టస్‌లో జవాబు దొరికే ప్రశ్న కాదు.

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోవడానికి కారణం ఉంది. 1974లో నేను బీఎస్సీలో చేరినప్పుడు లెక్కలూ సంస్కృతమూ కలిపి చదవాలని ఎంతో ఆశపడ్డాను. మా నాన్నగారు పొద్దున్నే శ్లోకాలు చదువుతుంటే ఆ ఛందస్సులో గురువులూ లఘువులూ లెక్కపెడుతూ పెరిగినదాన్ని. నాకు ఆ రెండూ వేరువేరు అని తెలియదు. కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి అడిగితే, లోపలి గుమాస్తా నా ఫారం తిప్పి నా చేతికే ఇచ్చేశాడు. "అలాంటి గ్రూపు లేదమ్మా. కావాలంటే సంస్కృతం సెకండ్ లాంగ్వేజీగా తీసుకో." అంతే. రెండేళ్ల సెకండ్ లాంగ్వేజీతో నా సంస్కృతం ఆగిపోయింది. ఆ బాధ చాలాకాలం నాలో ఉంది. అందుకే ఇవాళ పిల్లలకి ఈ తలుపు తెరుచుకున్నందుకు మనస్ఫూర్తిగా సంతోషిస్తాను. తలుపు తెరిచి ఉంది కదా అని లోపలికి నడిచినవాళ్లందరూ ఎక్కడికో చేరతారని మాత్రం అనుకోను.

ఈ మాట నాకు నేర్పింది నారదుడు.

2011లో మా ఆయన పోయారు. లెక్కల్లో నాకు తెలిసిన ఏ సిద్ధాంతమూ ఆ ఖాళీకి పనికి రాలేదు. ఏడాది తర్వాత, మా వీధిలోనే ఉండే రిటైర్డ్ సంస్కృతం మాస్టారు ఒకరు మధ్యాహ్నం పూట వచ్చి కూర్చుంటే ఛాందోగ్యోపనిషత్తు చెబుతానన్నారు. ఏడో అధ్యాయంతో మొదలుపెట్టారు. నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వెళ్లి, నాకు చెప్పండి స్వామీ అంటాడు. నీకు ఏమేం తెలుసో ముందు చెప్పు, ఆ పైది నేను చెబుతాను అంటాడాయన. నారదుడు జాబితా చదువుతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, పితృకార్యాల విద్య, రాశి, తర్కం, నీతి, భూతవిద్య, ధనుర్విద్య, నక్షత్రవిద్య, సర్పవిద్య, సంగీత నృత్యాలు. ఆ "రాశి" అన్నచోట మాస్టారు వేలు పెట్టి ఆగారు. "శంకరులు దీన్ని గణితం అన్నారమ్మా. ఇది మీ సబ్జెక్టే" అన్నారు. వేల ఏళ్ల నాటి వాక్యంలో ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టయింది.

జాబితా అయ్యాక నారదుడు చెప్పే మాటకి మాస్టారి ముందు నా కళ్లు నిండాయి. ఇన్ని తెలిసినా నాకు తెలిసింది మంత్రాలే, ఆత్మ తెలియదు, నేను దుఃఖంలో ఉన్నాను, ఈ దుఃఖానికి ఆవలి ఒడ్డు చేర్చండి అంటాడు. అన్ని మేజర్లూ అన్ని మైనర్లూ పూర్తిచేసిన మనిషి, ఏడుస్తూ రేవులో నిలబడ్డాడు.

దీన్నిబట్టి చాలా చదువులు వ్యర్థం అనుకుంటే పొరపాటు. సనత్కుమారుడు నారదుడి చదువుని తీసిపారెయ్యలేదు. అదంతా నామం, నామాన్ని ఉపాసించు, దానికన్నా పెద్దది ఉంది అంటూ ఒక్కొక్క మెట్టూ ఎక్కించాడు. నామం కన్నా వాక్కు, వాక్కు కన్నా మనసు, అలా వెళ్లి వెళ్లి విజ్ఞానం దగ్గరికి వస్తాడు. అక్కడ నేను ఆశ్చర్యపోయాను. విజ్ఞానం కన్నా బలం గొప్పది, బలం కన్నా అన్నం గొప్పది అంటాడు. పది రోజులు తిండి లేకపోతే మనిషి బతికున్నా చూడలేడు, వినలేడు, ఆలోచించలేడు అని కారణం కూడా చెబుతాడు. మా అల్లుడి భయం ఉపనిషత్తుకి కూడా తెలుసన్నమాట. ఫిలాసఫీ చదివితే అన్నం ఎలా అని అడిగే తండ్రిని లోకజ్ఞానం లేనివాడనీ, ఆశపోతనీ అనడానికి నాకు నోరు రాదు. అన్నం మెట్టు ఆ మెట్ల వరసలోనే ఉంది. అది ఆఖరి మెట్టు కాదు, అంతే.

పిల్ల ఇంకో అడ్డు చెప్పింది. "గీతలో అయితే ఒక్కటే బుద్ధి ఉండాలి అన్నాడుగా అమ్మమ్మా? నిశ్చయం లేనివాళ్ల బుద్ధికి అంతులేని కొమ్మలుంటాయని?" రెండో అధ్యాయం, 41వ శ్లోకం. పదో తరగతిలో పోటీ కోసం కంఠతా పట్టింది. నేను ఆ తర్వాతి మూడు శ్లోకాలు కూడా చదవమన్నాను. కొమ్మలు ఎక్కడినుంచి మొలుస్తున్నాయో అక్కడుంది. భోగం, ఐశ్వర్యం, వాటికోసం రకరకాల కర్మలు, ఒక్కో ఫలానికి ఒక్కో క్రియ. కృష్ణుడు తప్పుపట్టింది విద్యలు ఎక్కువ కావడాన్ని కాదు, కోరే ఫలాలు ఎక్కువ కావడాన్ని. జీతానికి ఒక డిగ్రీ, చుట్టాల ముందు గొప్పకి ఒక మైనర్, వీసాకి ఇంకోటి అని పేర్చుకుంటే అవి కొమ్మలు. ఒకే ప్రశ్న రెండు శాస్త్రాల తలుపు తట్టక తప్పని స్థితి వస్తే, శాస్త్రాలు రెండైనా బుద్ధి ఒక్కటే.

ఇలాంటి బుద్ధికి నేను నలభై ఏళ్లుగా తలుచుకునే పేరు స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు. నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదువుకున్న మనిషి. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్‌లో మళ్లీ ఎం.ఏ. చేశారు. ఆ తర్వాత అక్కడి స్టాటిస్టిక్స్ సంస్థ పెద్ద మహలనోబిస్ ఆయన్ని కేంబ్రిడ్జి పంపించారు. దేనికి? సూడాన్‌లో జబల్ మోయా అనేచోట తవ్వకాల్లో దొరికిన పాతకాలపు ఎముకలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి, వాటి కొలతల మీద పని చెయ్యడానికి. లెక్కల ఎం.ఏ. పట్టుకుని ఎముకల పెట్టెల ముందు కూర్చున్న ఆ కుర్రవాడిని చూసి, రెండు పడవలని ఎవరైనా అని ఉండవచ్చు. కానీ ఆయనకి అక్కడ ఒకే ప్రశ్న ఉంది. రెండు గుంపుల మనుషులు ఒకరికొకరు దగ్గరివాళ్లా, దూరపువాళ్లా, కొలతలని బట్టి ఎలా చెప్పగలం? ఆ పనిలోంచే 1948లో ఆయన పీహెచ్‌డీ వచ్చింది. ఎముకలూ లెక్కలూ ఆయనలో రెండుగా లేవు.

ఇక పడవల సంగతి. నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో. గోదావరి పాయ దాటాలంటే పంటు ఎక్కాలి. కృష్ణ ఒడ్డు వాళ్లు బల్లకట్టు అంటారు. రెండు పడవలని పక్కపక్కన చేర్చి, అడ్డంగా దూలాలు వేసి, పైన బల్లలు పరిచి, లావుపాటి మోకులతో బిగించేవారు. మనుషులు, సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, ఎడ్లతో సహా బళ్లు దాని మీదే దాటేవి. ఒక్క పడవ మీద ఎద్దులబండి ఎక్కిస్తే మునుగుతుంది. విడివిడిగా రెండు పడవల మీద కాళ్లు పెడితే మనిషి నీళ్లలో పడతాడు. అవే రెండు పడవలు బిగిస్తే ఊరంతా దాటుతుంది. సామెత చెప్పింది నిజమే, అది కట్టని పడవల గురించి చెప్పింది.

బయలుదేరే ముందు పంటు నడిపే సరంగు చేసే పని నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూ ప్రతి ముడి మీదా మడమతో ఒక్క తన్ను తన్నేవాడు. వదులుగా ఉంటే కూర్చుని తడిపి మళ్లీ బిగించేవాడు. తర్వాత వంగి రెండు పడవల్లోనూ నీరు చూసేవాడు. ఒక దాంట్లో నీరుంటే తోడేదాకా కదిలేది కాదు. ఒక పడవ కారితే పంటు మొత్తం ఆ పక్కకి ఒరుగుతుంది. అందుకే మైనర్ అంటే చిన్నచూపు కూడదని పిల్లకి చెప్పాను. 32 క్రెడిట్లయినా అది పడవే. మార్కులు తేలిగ్గా వస్తాయని తీసుకున్న సబ్జెక్టు చిల్లుపడిన పడవ. దానికి మోకు కట్టడం రెండోదానికి కూడా చేటు.

ఈశావాస్యోపనిషత్తులో ఉన్నవి పద్దెనిమిది మంత్రాలే. అందులో మూడు మంత్రాలు విద్య, అవిద్యల గురించి. అవిద్యనే పట్టుకున్నవాడు చీకట్లోకి వెళతాడు, విద్యలోనే మునిగినవాడు ఇంకా చిక్కటి చీకట్లోకి వెళతాడు, రెంటినీ కలిపి ఎరిగినవాడు అవిద్యతో మృత్యువుని దాటి విద్యతో అమృతత్వం పొందుతాడు అని. శంకరులు అవిద్య అంటే కర్మ అనీ, విద్య అంటే దేవతోపాసన అనీ చెప్పారు. అది యూనివర్సిటీ సబ్జెక్టుల గురించిన మాట కాదని నాకు తెలుసు. కానీ అక్కడ నేను పట్టుకున్నది "కలిపి" అన్న చిన్న మాటని. ఒకదాని తర్వాత ఒకటి అనలేదు, ఒకదాని పక్కన ఒకటి అనలేదు. రెంటినీ కలిపి, ఒకే ఎరుకలో. ఇక్కడా దాటడం అనే మాటే వచ్చింది. పడవలు ఉన్నది దాటడానికి.

ఆ సాయంత్రం పిల్లని అడిగాను. "సరే తల్లీ, ఫిజిక్స్‌కీ ఫిలాసఫీకీ మధ్య నీ మోకు ఏది?"

చాలాసేపు మాట్లాడలేదు. అరుగు మీద గోళ్లతో గీతలు గీస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఫిజిక్స్‌లో మూల సూత్రాలు చాలావాటిలో కాలాన్ని వెనక్కి తిప్పినా సూత్రం మారదని మా సర్ చెప్పారమ్మమ్మా. ముందుకైనా వెనక్కైనా ఒకటేనట. మరి తాతయ్య ఎందుకు తిరిగి రాడు? మనకి మాత్రం కాలం ఒక్క వైపే ఎందుకు నడుస్తుంది?"

తాతయ్య పోయినప్పుడు దానికి నాలుగేళ్లు. వరండాలో ఆయన చెప్పులు చూపించి, తాతయ్య చెప్పుల్లేకుండా ఎక్కడికెళ్లాడని అడిగేది. అదే ప్రశ్న ఇన్నేళ్లు దానితో పాటు పెరిగింది. ఎంట్రోపీ అని ఫిజిక్స్ కొంత చెబుతుంది. ఆ జవాబు మనిషి దుఃఖానికి సరిపోతుందా అన్నది ఫిలాసఫీ అడుగుతుంది. ఏ ఒక్కటీ దీన్ని ఒంటరిగా మోయలేదు. నాకు ఇంకే సందేహమూ మిగల్లేదు.

రాత్రి భోజనాల దగ్గర వాళ్ల నాన్నకి అదే చెప్పుకుంది. "కంప్యూటర్ సంగతి నేను కాదనడం లేదు నాన్నా. ఆ ఐఐటీ కోర్సులో ముందు ఫౌండేషన్ వరకు చదువుతాను. అక్కడ ఆగినా సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తర్వాత నా చేతుల్లో ఎంత బలం ఉందో చూసుకుని ముందుకెళతాను." అతను అన్నం కలుపుతూ కాసేపు ఊరుకుని, సరే అన్నాడు. ఆ సరేలో భయం ఉంది, ప్రేమా ఉంది.

జూన్‌లో ఫారం నింపింది. మైనర్ గడిలో ఫిలాసఫీ అని రాసింది. యాభై ఏళ్ల కిందట నాకు తిరిగొచ్చిన ఫారం, ఇన్నాళ్లకి ఎవరో తీసుకున్నట్టనిపించింది. కొత్త నోటుపుస్తకం మొదటి పేజీలో ఆ ప్రశ్న రాసుకోమన్నాను, రాసుకుంది. ప్రతి సెమిస్టర్ మొదట్లోనూ ఆ పేజీ తెరిచి చదవమన్నాను. అప్పటికి ఆ ప్రశ్న మారి ఉండవచ్చు, కొత్తది రాసుకోవచ్చు. అసలు ప్రశ్నే లేకుండా పోతే మాత్రం ఆగి చూసుకోవాలి.

"సరంగు ముడి తన్నినట్టా?" అంది.

అవునన్నాను. ప్రతి రేవులోనూ, ప్రతిసారీ.