తాబేలుకు తోడు అవసరమా?

పెంపుడు తాబేలును ఒంటరిగా ఉంచడం ధర్మమా, దానికి తోడుగా మరొకదాన్ని తేవడం ధర్మమా అన్న ప్రశ్న పైకి పెంపకంలో తలెత్తే చిన్న సందేహంలా కనిపించినా, నోరులేని ప్రాణికి ఏది మేలో నిర్ణయించే అధికారం మనిషి చేతికి వచ్చినప్పుడు ఆ నిర్ణయానికి ప్రమాణం మనిషి మనసా, ఆ ప్రాణి స్వభావమా అన్న పెద్ద ప్రశ్న అందులో ఇమిడి ఉంది. స్వభావం అంటే ఇక్కడ ఒక జీవి పుట్టుకతో తెచ్చుకున్న, మచ్చికతో మారని బతుకుతీరు.

భారతీయ సంప్రదాయం తాబేలును రెండు విధాలుగా తలచింది. భగవద్గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుణ్ణి, అంటే సుఖదుఃఖాలకు చలించని బుద్ధి గలవాణ్ణి, వర్ణించే చోట ఇంద్రియనిగ్రహానికి అవయవాలను లోపలికి ముడుచుకునే తాబేలే దృష్టాంతమైంది. మరోవైపు, తల్లి తాబేలు గుడ్లను ఒడ్డున విడిచి వెళ్లినా తలపుతోనే పిల్లలను పోషిస్తుందన్న నమ్మకాన్ని ఆధారం చేసుకుని, గురువు దూరాన ఉండి స్మరణమాత్రంతో శిష్యుణ్ణి అనుగ్రహించడాన్ని కూర్మంతో పోల్చారు. ఇవి సాధకుడికి దారి చూపే ఉపమానాలే గాని తాబేలు బతుకుకు సాక్ష్యాలు కావు. కనుక దాన్ని విరాగిగా ఎంచి పట్టించుకోకపోవడమూ, అనాథగా ఎంచి బలవంతంగా జోడు కట్టడమూ ఒకే పొరపాటుకు రెండు రూపాలు.

చాలా జాతుల తాబేళ్లు మంద కట్టవు. ఎండ కాచుకునే చోటో మేత దొరికే చోటో చేరినా, దేని దారిన అది తప్పుకోగలదు. మిసిసిపీ నదీ ప్రాంతం నుంచి ప్రపంచమంతటి అక్వేరియం దుకాణాలకు చేరిన రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేళ్లను రెండింటిని ఒకే గాజు తొట్టిలో ఉంచినప్పుడు, దీపం కింద ఉన్న ఒక్క రాతిపై ఒకటి మరొకదాని వీపెక్కి కూర్చుంటే చూసేవారికి అది ఆప్యాయతగా తోస్తుంది గాని, కిందిదానికి ఒంటికి అందవలసిన వేడీ వెలుగూ అందవు. మగది పొడవాటి ముందరి గోళ్లను ఆడదాని మొహం ముందు ఆడిస్తూ వెంటపడితే, నదిలోనైతే ఆడది ఈదుకుంటూ పోగలదు. తొట్టిలో ఎటు తిరిగినా గాజుగోడే. తప్పుకునే వీలున్నప్పుడే సాంగత్యానికి ఆ పేరు తగుతుంది. ఆ వీలు లేని చోట అది నిర్బంధమే.

అంతమాత్రాన తాబేలుకు సాటి తాబేలు పట్టదని చెప్పలేం. దక్షిణ అమెరికాకు చెందిన ఎర్రకాళ్ల తాబేళ్లు, తోటి తాబేలు కంచె చుట్టి మేతను చేరడం చూసి ఆ దారి నేర్చుకున్నాయని 2010లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఒంటరిగా బతకడం వేరు, ఇతర ప్రాణులను గమనించకపోవడం వేరు.

గాలాపగోస్ దీవుల్లోని పింటాలో 1971లో కనిపించిన, ఆ దీవి తాబేళ్లలో చివరిదైన లోన్‌సమ్ జార్జ్ ఉదంతం ఈ విచారణకు ముఖ్యమైనది. దానితో దగ్గరి జాతుల ఆడ తాబేళ్లను ఏళ్ల తరబడి ఉంచినా, 2008లో అవి పెట్టిన గుడ్ల నుంచి పిల్లలు రాలేదు; 2012లో జార్జ్ మరణించింది. ఆ ఒంటరితనం దానికి పుట్టుకతో వచ్చింది కాదు. నావికుల వేట, మనుషులు వదిలిన మేకలు కలిసి ఆ దీవిని ఖాళీ చేశాయి. మనిషి తెచ్చిపెట్టిన లోటు జోడు కట్టినంత మాత్రాన తీరలేదు.

ఇంటి తొట్టిలోని తాబేలు విషయంలోనూ ధర్మం ఇదే చెబుతుంది. అహింస అంటే కొట్టకపోవడం, చంపకపోవడం మాత్రమే కాదు. తన ఆశనూ తన దిగులునూ మరో ప్రాణిపై రుద్దకపోవడం కూడా. విశాలమైన నీరు, విడివిడిగా ఎండ కాచుకునే చోట్లు, అవసరమైతే వేరుచేసే ఏర్పాటు లేనప్పుడు తాబేలును ఒంటరిగా ఉంచడమే న్యాయం. అయితే ఆ ఏకాంతం నిర్లక్ష్యానికి సాకు కారాదు, శుభ్రమైన నీరు, వేడి, వెలుగు, తగిన మేత దశాబ్దాల పాటు అందించే భారమంతా పెంచేవారిదే. శ్రీకూర్మంలో విష్ణువును కూర్మరూపంలో అర్చించే సమాజానికి ఈ బాధ్యత మరీ తెలిసి ఉండాలి. అడవిలో తిరిగే నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది కూడా. తోడు తేవాలా వద్దా అని ఆలోచించే ముందు అసలు ఆ ప్రాణిని తొట్టిలోకి తేవలసిన అవసరమేమిటని ప్రశ్నించుకోవడం, తెచ్చినవారు దాని స్వభావానికి తమ ఇంటిని సర్దుకోవడం, ఈ రెండూ కలిసినప్పుడే తాబేలు పట్ల దయ ధర్మమవుతుంది.