పాత సైకిలు, కొత్త చెక్క

పాత వస్తువుల మీద మనుషులకుండే ప్రేమ రెండు రకాలు. ముట్టుకోనివ్వని ప్రేమ ఒకటి, ముట్టుకోకుండా ఉండలేని ప్రేమ ఇంకొకటి. మొదటి రకం వాళ్ళు నాయనమ్మగారి భోషాణానికి తాళం వేసి, పైన లేసుగుడ్డ కప్పి, పిల్లలెవరైనా ఎక్కి కూర్చుంటే లబలబలాడతారు. రెండో రకం వాళ్ళు అదే భోషాణానికి మెరుగు పెట్టించి, మూతకి అద్దం బిగించి, వరండాలో టీ బల్ల చేసేస్తారు. ఇద్దరిదీ ప్రేమే. కాని ఇద్దరూ ఒక కప్పు కింద ఉంటే మాత్రం ఆ ఇంట్లో శాంతి ఉండదు.

మా ఇంట్లో ఆ శాంతి ఒక సైకిలు మూలంగా పోయింది.

అది మా నాన్నగారిది. పొన్నూరు దగ్గర పల్లెల్లో బడిపంతులుగా పనిచేస్తూ 1971లో కొన్నారు. ఆసన్‌సోల్‌లో తయారైన రాలీ. నల్లరంగు, ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, బ్రేకులకి తీగలు కాకుండా ఇనప కడ్డీలు. పట్నంలోకి వెడితే పన్ను కట్టిన బిళ్ళ ఉందా అని ఒకరూ, చీకటిపడితే దీపం ఏదీ అని ఇంకొకరూ ఆపేవారని చెప్పేవారు. ఆయన పోయాక ఎనిమిదేళ్ళు అది వసారాలో గోనెపట్టా కింద ఉండిపోయింది. టైర్లు బీటలు వారాయి. హ్యాండిల్ గ్రిప్పులు కరిగి జిగురుగా తయారయ్యాయి. వెనక మడ్‌గార్డు తుప్పు తిని జల్లెడయింది.

మా అబ్బాయి చదివేది ఇంజనీరింగు గాని మనసంతా వడ్రంగం మీద. సెలవులొస్తే మా వీధి చివర వడ్రంగి దగ్గరే కాలక్షేపం. వాడి కన్ను ఈ సైకిలు మీద పడింది. దీన్ని మళ్ళీ నడిపిస్తానన్నాడు. ఊరికే నడిపించడం కాదు. మడ్‌గార్డులు టేకుతో చేస్తాడట, చైను కవరూ టేకుతోనే. గ్రిప్పులు మాత్రం ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రతో, లక్క పూసి తరిణె పట్టించాలట. కాగితం మీద బొమ్మ గీసి రంగులు కూడా వేశాడు.

సంక్రాంతికి వచ్చిన మా అన్నయ్య ఆ బొమ్మ చూసి కంచం ముందునుంచి లేచినంత పని చేశాడు. "నాన్నగారి చెయ్యి పడ్డ వస్తువురా అది. ఒక్క మర మార్చడానికి వీల్లేదు. శుభ్రం చేసి హాల్లో గోడకి తగిలిద్దాం" అన్నాడు.

"గోడకి తగిలిస్తే అది సైకిలు కాదు మావయ్యా, ఫొటో" అన్నాడు మావాడు.

ఇద్దరి మాటా సబబుగానే వినిపించింది నాకు. నవలలు రాసేవాళ్ళకి ఇదొక జబ్బు, ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళదే న్యాయమనిపిస్తుంది.

ఎన్ని భాగాలు మారిస్తే ఒక వస్తువు తాను కాకుండా పోతుంది? ఈ ప్రశ్న మాకే కొత్తగా పుట్టలేదు. ఏథెన్సు వాళ్ళు థీసియస్ ఓడలో పుచ్చిన పలకలు ఒక్కొక్కటే మారుస్తూ పోతే, చివరికి మిగిలింది ఆ ఓడేనా కాదా అని అక్కడి తత్త్వవేత్తలు వాదించుకున్నారని ప్లూటార్కు రాశాడు. మన దేశంలో అంతకంటే సొగసుగా అడిగినవాడు నాగసేనుడు. మిళిందపన్హ అనే పాళీ గ్రంథంలో మిళిందుడనే గ్రీకు రాజుని నిలబెట్టి అడుగుతాడు: నువ్వొచ్చిన రథంలో రథమంటే ఏది? ఇరుసా? చక్రాలా? కాడా? పగ్గాలా? అన్నిటికీ రాజు కాదంటాడు. అయితే రథమెక్కడ అంటే, ఇవన్నీ ఒకచోట అమరినప్పుడు మనం పిలిచే పేరే రథమని ఒప్పుకుంటాడు.

అంత దూరం పోకుండా పూరీకే వెళ్ళొచ్చు. అక్కడ జగన్నాథుడివి వేపకర్ర విగ్రహాలు. రెండు ఆషాఢాలు వచ్చిన ఏడు కొత్త కర్ర తెచ్చి కొత్త విగ్రహాలు చెక్కుతారు. 1996లో చెక్కారు, మళ్ళీ 2015లో చెక్కారు. కళ్ళకి గంతలు కట్టుకున్న పూజారులు పాత విగ్రహాల్లోంచి బ్రహ్మపదార్థాన్ని తీసి కొత్తవాటిలో పెడతారు. కర్ర మారింది, స్వామి మారలేదు. ఆ లోపల ఉన్నదొక్కటీ అలాగే ఉండాలి.

మరి మా సైకిలుకి బ్రహ్మపదార్థమేది? సీటు కింది గొట్టం మీద గుద్దిన నంబరన్నాడు మా అబ్బాయి. పోలీసులైనా ఆ నంబరు చూసే గుర్తుపడతారని వాడి లెక్క. నాన్నగారు కూర్చుని కూర్చుని నున్నబడిన తోలు సీటన్నాడు అన్నయ్య.

ఆ మాటకొస్తే సైకిలుకి చెక్క పరాయిదేం కాదు. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపిన మొదటి రెండు చక్రాల బండి దాదాపు అంతా చెక్కే. పెడళ్ళు లేవు, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవాలి. 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు పెట్టారు. ఆ చెక్క చక్రాలకి మన ఎడ్లబండికి లాగే ఇనప పట్టా. రాళ్ళ రోడ్ల మీద దాని కుదుపుకి ఇంగ్లండులో జనం దాన్ని ఎముకలు కుదిపే బండి అన్నారు. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు గాలి టైరుకి హక్కు పొందాడు. ముందుగా చేసింది తన చిన్న కొడుకు మూడు చక్రాల బండికి, పిల్లవాడికి కుదుపు తగలకుండా. పందేల సైకిళ్ళకి మాత్రం 1930లదాకా చెక్క రిమ్ములు మామూలే.

ఇదంతా తెలుసుకుని మావాడు రిమ్ములూ, హ్యాండిలూ కూడా చెక్కతో చేస్తానని బయల్దేరాడు. సైకిలు షాపు పెద్దాయన అక్కడే ఆపాడు. "బాబూ, ఈ కడ్డీ బ్రేకులు రిమ్ముని లోపలినుంచి పట్టుకుంటాయి, వాటికి ఇనప రిమ్మే ఉండాలి. ప్రాణం ఆధారపడేచోట నీ సరదా పెట్టకు" అన్నాడు. ఎన్నో పుస్తకాల్లో వెతికినా ఇంత సూటిగా దొరకదు. ముచ్చటకి ఎక్కడ హద్దు గీయాలో ఆయన ఒక్క ముక్కలో గీసేశాడు.

ఇంతకీ తగాదా తెగలేదు. చివరికి ఇద్దరూ మా అమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ చింతపండులో గింజలు తీసుకుంటోంది.

"ఏదో ఒకటి చెయ్యండిరా" అంది. "వెనకాల కారియర్‌కి మాత్రం ఓ చెక్క వెయ్యండి."

"అప్పట్లో చెక్కెక్కడుందమ్మా దానికి?" అన్నాడు అన్నయ్య.

"అదేగా నేననేదీ, లేదు. పెళ్ళయిన దగ్గర్నించి ఇరవయ్యేళ్ళు ఆ ఇనప చువ్వల మీదే కూర్చున్నాను. తువ్వాలు మడత పెట్టి వేసుకుంటే మాత్రం కుదుపు ఆగుతుందా? నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆస్పత్రికి కూడా దానిమీదే."

"మరి నాన్నగారితో చెప్పలేదా?"

"చెబితే ఆ సాయంత్రమే వేయించేవారు. అడగాలనే తోచలేదు. ఆయనకి సైకిలుంది, దానిమీద నాకో చోటుంది, అప్పటికి అదే గొప్ప." గింజలు చేటలోకి రాల్చి ఇంకోమాట అంది. "బెల్లు మాత్రం మార్చకండి. మలుపు దగ్గర ఆ బెల్లు వినపడ్డాకే కాఫీకి నీళ్ళు పెట్టేదాన్ని."

అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఒకే సైకిలు గదా! నేను ముందు కడ్డీ మీద బిగించిన బుల్లి సీటులో కూర్చునేదాన్ని. నాకు తెలిసిన సైకిలంటే మొహానికి కొట్టే గాలి, ఎదురుగా పరుగెత్తి వచ్చే రోడ్డు. అన్నయ్యకి తెలిసిన సైకిలు, ఆయన బడికి వెళ్ళాక ఆదివారాలకోసం ఎదురుచూసి, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్న సైకిలు. అమ్మకి తెలిసిన సైకిలు ఒక వీపు, పక్కకి వేలాడే కాళ్ళు, చక్రంలో పడకుండా ఒడిసిపట్టుకున్న చీరకొంగు. ఆ పై కడ్డీ లేకపోతే ఆవిడా తొక్కేదేమో! ఆడవాళ్ళకోసం ఆ కడ్డీని కిందికి దించిన సైకిళ్ళు 1880ల చివరికే ఇంగ్లండులో వచ్చాయి. మా పల్లెలోకి రావడానికి మరో వందేళ్ళు పట్టింది.

యథాతథంగా ఉంచాలంటాడు అన్నయ్య. ఎవరి యథాతథం? ఉన్నది ఉన్నట్టు ఉంచితే బెల్లు మోతతోపాటు చువ్వల నొప్పి కూడా భద్రంగా ఉంటుంది. పోనీ మార్చేస్తానన్నవాడు ఆ నొప్పి చూశాడా? వాడి రంగుల బొమ్మలో టేకు మడ్‌గార్డులున్నాయి, లక్క గ్రిప్పులున్నాయి, కారియర్ మీద చెక్క లేదు. ఒకరు వస్తువుని చూశారు, ఒకరు అందాన్ని చూశారు. దానిమీద కూర్చున్న మనిషిని ఇద్దరూ అడగలేదు.

నన్నడిగితే పాతదాన్ని మార్చవచ్చా కూడదా అన్నది మొదటి ప్రశ్న కాదు. అది ఎవరిని మోసింది, ఎవరిని కుదిపింది అన్నది మొదటి ప్రశ్న. అది తేలాక ఏది ఉంచాలో, ఏది మార్చాలో చాలావరకు అదే తేలుతుంది. అలాగని నేటి సుఖం కొలబద్దగా పట్టుకుని నిన్నటిదంతా తీసిపారెయ్యమనడం లేదు. మా అమ్మ చూడండి, చెక్క అడిగిన నోటితోనే బెల్లు ముట్టుకోవద్దంది. బాధపడ్డవాళ్ళకే ఏది విలువైనదో కూడా తెలుస్తుంది. బ్రహ్మపదార్థం నంబరులోనూ లేదు, సీటులోనూ లేదు. ఆ బెల్లులో ఉందని ఇన్నాళ్ళూ ఆవిడ ఒక్కదానికే తెలుసు.

పని రెండు నెలలు పట్టింది. మడ్‌గార్డుకి టేకుని కాగితమంత కాకపోయినా అట్టంత పల్చగా చీల్చి, వేడినీళ్ళలో నానబెట్టి, అచ్చు మీద వంచి, తాళ్ళతో కట్టి ఆరబెట్టారు. ఆరిన పొరలు ఒకదానిమీదొకటి జిగురుతో అతికించారు. టేకులో నూనె ఉంటుంది గనక ముందు తుడవకపోతే జిగురు పట్టదట. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య జాగా మామూలుకంటే ఎక్కువ వదలమంది అమ్మ. మా వైపు నల్లరేగడి వానాకాలంలో అక్కడే బిగుసుకుని, నాన్నగారు పుల్లతో గోకి గోకి, చివరికి సైకిలునే భుజాన వేసుకుని వచ్చిన రోజులు ఆవిడకి గుర్తు. కారియర్ చెక్క మా పాత వంటింటి తలుపులోంచి కోశారు. వానకి చెక్క ఉబ్బుతుందని మరల కన్నాలు కాస్త వదులుగా తొలిచారు. అంచులు గుండ్రంగా తీసి, మూడుసార్లు అవిసెనూనె పట్టించారు. దానికి ఉప్పుకాగితం పెట్టి రుద్దింది ఎవరనుకున్నారు? ఒక్క మర మార్చడానికి వీల్లేదన్న మా అన్నయ్య!

అమ్మకిప్పుడు డెబ్భై దాటింది. ఆ చెక్కమీద ఆవిడ కూర్చోదు, కూర్చోలేదు. బజారునుంచి వచ్చే బియ్యం మూట కూర్చుంటుంది. ఇప్పుడు వేసిన చెక్క ఆ ఇరవయ్యేళ్ళ కుదుపుని వెనక్కి తియ్యలేదు, తీసిందని నేను మభ్యపెట్టుకోను. ఒక మనిషి కుదుపు తిన్నదన్న సంగతి ఇంట్లో అందరికీ కనపడేచోట ఉంది, అంతే. అది తక్కువేమీ కాదని నా నమ్మకం.

మన ఇళ్ళల్లో సైకిలొక్కటే కాదుగా! ఉమ్మడి కుటుంబాలు ఎంత బాగుండేవో, పండగలు ఎంత నిండుగా జరిగేవో, నూటయాభైమందికి ఇంట్లోనే ఎలా వండి వడ్డించేవారో మగవాళ్ళు కళ్ళు చెమర్చి చెబుతుంటారు. అబద్ధం కాదు, వాళ్ళు కూర్చున్న చోటునుంచి అలాగే కనిపించి ఉంటుంది. మళ్ళీ అవన్నీ తెద్దామంటే కాదనకండి, తెద్దాం. కాకపోతే అలా అన్నవాళ్ళని ఒక్కమాట నెమ్మదిగా అడగండి: "ఆ రోజుల్లో తమరు ఎక్కడ కూర్చునేవారండీ, సీటు మీదా, కారియర్ మీదా?"