ఉప్పునీళ్ళ మొక్క

మా బందరులో బోరు వేస్తే ఉప్పునీళ్ళే. గోడవారనున్న బిళ్ళగన్నేరుకి ఆ నీళ్ళే పోస్తూ వచ్చాను. వరండా కుండీలో ఉన్నదానికి మాత్రం కుళాయి నీళ్ళు. రెండూ ఒకే చెట్టు గింజలు. కుండీలోది మోకాలి దాకా ఎదిగి విరగబూస్తుంటే, గోడవారది జానెడెత్తున ఆగిపోయి, ఆకుల అంచులు మాడి, నాలుగంటే నాలుగు పూలు పూస్తోంది.

“పాపం!” అన్నాను. బోటనీ చదువుతున్న మా చిన్నమ్మాయి నవ్వింది. “జాలెందుకమ్మా? మందు దాంట్లోనే ఎక్కువుండొచ్చు” అంది.

మట్టిలో ఉప్పెక్కువైతే నీళ్ళున్నా వేరు పీల్చుకోలేదట. లోపలికెళ్ళిన సోడియం ఒక బాధ. ఆపైన, ప్రాణం నిలిపే ఆక్సిజనే నిప్పురవ్వలాంటి రూపాలెత్తి కణాల్ని కాల్చడం మొదలెడుతుంది. మొక్క ఊరుకోదు. కెటలేజ్, పెరాక్సిడేజ్ లాంటి ఎంజైములు తయారుచేసి ఆ నిప్పు ఆర్పుకుంటుంది. చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయం వాళ్ళు 2007 ప్రాంతంలో బిళ్ళగన్నేరుకి ఉప్పునీళ్ళు పోసి చూస్తే ఎదుగుదల తగ్గింది గానీ, వేళ్ళలో అజ్మలిసిన్ పెరిగింది. రక్తపోటుకి వాడే మందు అది.

నాకు మహా సంబరమేసింది. మీ ఇళ్ళలోనూ వినే ఉంటారు, “కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయి” అని. కొత్త కాపురంలో నేను కన్నీళ్ళు పెట్టుకుంటే మా అమ్మ ఆ మాటే అనేది. పోయిన నెల పెద్దమ్మాయి అత్తవారింటినుంచి ఫోన్లో ఏడిస్తే నేనూ అదే అన్నాను. ఇప్పుడు సైన్సు కూడా నా పక్షానే!

“ఆ మందు ఎవరికమ్మా, మొక్కకా, మనకా?” అంది చిన్నది. “ఎదగాల్సిన బలమంతా అది ప్రాణం కాపాడుకోడానికి ఖర్చుపెట్టింది. పైగా ఉప్పు మితిమీరితే మందూ ఉండదు, మొక్కా ఉండదు.”

నా నోరు పడిపోయింది. మా అమ్మ ఓర్పుని ఊరంతా మెచ్చుకుంది. ఆ ఓర్పు నీడనే మేం నలుగురం సుఖంగా పెరిగాం. పెళ్ళికి ముందు ఆవిడ బాగా పాడేదట. మేమెవరం ఒక్కనాడూ వినలేదు. వినాలని అడిగిన గుర్తు కూడా లేదు.

అలాగని ఉప్పు తగలని బతుకెక్కడుంది చెప్పండి? గోడవారది నిలదొక్కుకున్నందుకు దాన్ని మెచ్చుకుంటాను. ఉప్పునెందుకు మెచ్చుకోవాలో మాత్రం బోధపడలేదు.

సాయంత్రం కుళాయి నీళ్ళు ఒక చెంబెడు గోడవారకీ పోశాను. తర్వాత పెద్దమ్మాయికి ఫోను చేసి, “ఆ రోజు ఏం జరిగిందో మొదట్నించీ చెప్పవే, వింటాను” అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.