ఎవరును చూడని తప్పు

ప్రియ చదువరీ, వర్షకాలపు ఉదయమున మధురవాడలో నిలిచి కంబాలకొండ వైపు ఎన్నడైన చూచితివా? నిన్న సాయంకాలము స్పష్టముగా కనిపించిన కొండ నేడు మబ్బులో మాయమై యుండును. కొండ ఎక్కడికిని పోలేదు. మన కంటికి మాత్రము కనబడకున్నది. అట్టి మబ్బులో ఒకడు తన చిన్న విమానమును నడుపుకొనుచు నేలకు దిగవలసి వచ్చినయెడల అతడు దేనిని నమ్మవలెను?

తన కన్నులను నమ్మరాదు. తన దేహమునైనను నమ్మరాదు. మబ్బులో విమానము ఒక ప్రక్కకు ఒరుగుచున్నను తిన్నగా పోవుచున్నట్లే తోచును. ఎదుటనున్న యంత్రములును, చేతనున్న పటమును అతనికి ఆధారము. ఫలాని చోటు దాటువరకు ఇంత ఎత్తునకు తగ్గరాదని ఆ పటములో మెట్టు మెట్టునకు వ్రాసియుండును. ఎత్తును తెలుపు యంత్రము గాలి ఒత్తిడినిబట్టి లెక్క చెప్పును. ఆనాటి ఒత్తిడి అంకెను 10 హెక్టోపాస్కలులు ఎక్కువగా అమర్చినచో, యంత్రము చూపుదానికంటె విమానము దాదాపు 300 అడుగులు క్రిందుగా పోవుచుండును.

అతడు పొరబాటున ఒక మెట్టు ముందుగా దిగెననుకొనుము. అంతలో గ్రహించి, గుండె దడదడ కొట్టుకొనగా పైకి లేచి, మరల సరియైన త్రోవను వచ్చి క్షేమముగా నేలనంటెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఎవరును అడుగలేదు. ఈ సంగతి అతడు చెప్పవలెనా? చెప్పినయెడల లైసెన్సు పోవునేమో, తోటివారు నవ్వుదురేమో. చెప్పకున్న ఎవరికి నష్టము?

ఎవరికి నష్టమో 1974లో అమెరికా దేశములో తెలిసినది. ఆ సంవత్సరము డిసెంబరు 1న టి.డబ్ల్యు.ఏ. సంస్థవారి 514వ నంబరు విమానము వాషింగ్టను నగరమునకు సమీపమైన డల్లెస్ విమానాశ్రయమునకు మబ్బులలో వచ్చుచుండెను. దిగుటకు నేలనుండి అనుమతి లభించినది. ఆ అనుమతినిబట్టి వెంటనే 1,800 అడుగులకు దిగవచ్చునని పైలట్లు తలంచిరి. కాని ముందున్న కొండ దాటువరకు 3,400 అడుగులకు తగ్గరాదని పటములో మరియొక భాగమున ఉండెను. విమానము వర్జీనియాలోని మౌంట్ వెదర్ అను కొండను ఢీకొనెను. అందున్న 92 మందియు మరణించిరి.

విచారణలో మరియొక సంగతి బయలుపడెను. సుమారు ఆరు వారములకు ముందు వేరొక సంస్థవారి విమానము అదే త్రోవలో అదే పొరబాటు చేసి, వెంట్రుకవాసిలో తప్పించుకొనియుండెను. ఆ పైలట్లు దాచలేదు. తమ సంస్థకు తెలిపిరి. సంస్థ తన పైలట్లను హెచ్చరించెను. అయితే ఆ హెచ్చరిక ఆ సంస్థ గోడలు దాటి పోలేదు. ఒకరి యింట తెలిసిన కీడు పొరుగింటివానికి తెలియకపోయెను.

ఆ దుఃఖము నుండియే 1976లో ఒక క్రొత్త యేర్పాటు కలిగెను. పైలట్లు తమ పొరబాట్లను శిక్షించు శాఖకు గాక నాసా సంస్థకు వ్రాసి పంపవచ్చును. నాసావారు పేరు తీసివేసి, అందలి పాఠమును అందరికిని అందింతురు. ఆ పొరబాటు బుద్ధిపూర్వకమైనది గాక, నేరముగాని ప్రమాదముగాని కానియెడల, పది దినములలో తెలిపినవానికి సామాన్యముగా దండన మినహాయింతురు. తెలిసి చేసిన దుర్మార్గమునకు ఈ మరుగు లేదు.

చదువరీ, ఇందులో నీకును నాకును పని గలదు. తెలియక క్రిందికి దిగుట పొరబాటు. తెలిసిన తరువాత దాచుట మన యిష్టపూర్వకమైన పని. మొదటిదానికి మబ్బును నిందింపవచ్చును, రెండవదానికి ఎవరిని నిందింతుము? ఆసుపత్రిలో మందు మోతాదు తప్పిన నర్సును, చిట్టాలో అంకె తప్పు వ్రాసిన గుమాస్తాయు ఈ ప్రశ్ననే ఎదుర్కొందురు.

అయితే వినువారి మీదను భారము గలదు. కుండ పగిలినదని తానే వచ్చి చెప్పిన బిడ్డకు మన నోట మొదట వచ్చునది తిట్టే అయినయెడల, రేపు ఆ బిడ్డ పెంకులను దాచుట నేర్చుకొనును. మనమే దాచుట నేర్పి, ఆపై అబద్ధికుడని వానిని కొట్టుదుము.

నీవు తప్పించుకొనిన కొండ అక్కడనే యున్నది. నీ వెనుక మరియొకడు అదే మబ్బులో వచ్చుచున్నాడు. నీవు ఇంతవరకు ఎవరితోను చెప్పని మాట వానికి అవసరమైయున్నదేమో, ఈ రాత్రి పండుకొనకముందు ఆలోచించుము.