చేతులు మారిన వాహనము



జంగమమనగా చరించునది. స్థావరమనగా కదలక నిలుచునది. పన్నెండవ శతాబ్దమున కల్యాణనగరమున బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరుడు కట్టిన గుడికంటె చరించు భక్తుని దేహమునకే పెద్దపీట వేసిన సంగతి ఎల్లరెరిగినదే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించి ఆ శరణుల చరితములను తెలుగు ముంగిళ్ళకు తెచ్చెను. నేడు ఆ ముంగిళ్ళలోనే ఒక క్రొత్త వస్తువు వచ్చి నిలుచుచున్నది. అది వేరొకరు కొంతకాలము వాడి విడిచిన విలాసపు కారు. నాలుగు చక్రములపై పరుగిడినంత మాత్రమున అది జంగమమగునా? యజమాని మనస్సు దానిని విడిచి ఒక్క అడుగు కదలలేని నాడు, గంటకు నూరు మైళ్ళు పరుగెత్తినను అది స్థావరమే.

ఖమ్మము నుండి వైరా, తల్లాడల మీదుగా సత్తుపల్లికి పోవు దారిలో కల్లూరు గలదు. సాగరు ఎడమకాలువ నీటి వరి, మామిడి, ఆయిల్‌పామ్ తోటలు ఒకవైపు; ఇంకను ముందుకు సాగినచో భద్రాచలపు అడవి. ఇట్టిచోట కష్టించి నాలుగు డబ్బులు వెనుకవేసుకొన్న ఒక గృహస్థుని ఊహించుడు. క్రొత్త బెంజి కారు అతనికి అందదు. కాని హైదరాబాదులో ఏడెనిమిదేండ్లు తిరిగిన బెంజియో, ఆడియో, బి.ఎం.డబ్ల్యు.యో చిన్న క్రొత్తకారు ధరకే దొరకునని మధ్యవర్తి చెప్పును. ఆ మాట అబద్ధము కాదు. దొరకును.

ఎందుచేత దొరకునో మొదట తెలిసికొనవలయును. నగరములందలి ధనికులు వారంటీ గడువు ముగియకముందే కారు మార్చుదురు. ఖర్చు మొదలగు వేళకు అది రెండవవాని చేతికి వచ్చును. మరియు ఢిల్లీ పరిసరములలో పదేండ్లు దాటిన డీజిలు బండ్లు తిరుగరాదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2015లో ఆదేశింపగా, 2018లో సర్వోన్నత న్యాయస్థానము దానిని బలపరచెను. తత్ఫలితముగా ఎన్నో పెద్దకార్లు చవుకగా ఇతర రాష్ట్రములకు తరలిపోయినవి. అమ్మువాని అవసరమే కొనువాని అదృష్టముగా కనబడును. అయితే ఇందొక మెలిక గలదు. కాలము గడచినకొలది కారు ధర తగ్గును గాని విడిభాగముల ధర తగ్గదు. అరువది లక్షల కారు పదునైదు లక్షలకు వచ్చినను, దాని గేరుబాక్సు మాత్రము అరువది లక్షల కారు గేరుబాక్సే. గాలితిత్తులపై నిలుచు సస్పెన్షను ఒకనాటి ఉదయమున కూలబడినచో, కల్లూరు మెకానికు ఎంత పనివాడైనను దానికి వలసిన పరికరము అతనియొద్ద నుండదు. కంపెనీ వర్కుషాపునకై దూరపు నగరమునకు ట్రక్కుపై నెక్కించి పంపవలయును. కొన్ని కార్లలో స్టెప్నీయే యుండదు. పంచరైనను కొంతదూరము నడచు టైర్లు వేయుదురు, అవి సుమారు ఎనుబది కిలోమీటర్లు మాత్రమే నడచును. అడవిదారిన రాత్రివేళ ఆ ఎనుబది చాలునో లేదో ఎవరికి వారే లెక్కవేసికొనవచ్చును.

అట్లని పెద్దకారు కొనుట పాపమని శరణ ధర్మము చెప్పలేదు. బసవేశ్వరుడు దారిద్ర్యమును వ్రతముగా విధింపలేదు. కాయకముతో ఆర్జించిన ధనము పవిత్రమే. అడుగవలసిన ప్రశ్న వేరు. అది ఆయ్దక్కి లక్కమ్మ అడిగిన ప్రశ్న.

ఆమె భర్త మారయ్య కల్యాణమున రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చు కాయకము చేసెడివాడు. దానితోనే జంగమదాసోహము జరిగెడిది. ఒకనాడు అతడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. దొంగిలించినవి కావు, ఎవరిని మోసగించి తెచ్చినవి కావు, నేలపై రాలినవే. అయినను లక్కమ్మ వానిని వండలేదు. ఇంత ఎందుకు తెచ్చితివి, మనకు కావలసినది ఇంతియే గదా, మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను. శరణ చరిత్రలలో ఇంతకంటె చిన్నకథ లేదు, ఇంతకంటె కష్టమైన కథయు లేదు. చవుకగా దొరకినది గనుక తెచ్చితినను సమాధానము ఆమె ముందు నిలువలేదు.

మన ఇండ్లలో ట్రాక్టరు కొనునపుడు పదిమందిని అడుగుదురు. కారు కొనునపుడు ఇల్లాలిని అడుగుట అరుదు. తన పుస్తెలతాడు బ్యాంకులో తాకట్టునకు పోవునపుడు మాత్రము ఆమెకు తెలియును. లక్కమ్మను పూజించు ఇంట ఇది జరుగుట వింతగానే యున్నది.

ఇక అమ్మువాని సంగతి. 2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మము కాలనీలను ముంచెను. ఆ రోజులలోనే బుడమేరు విజయవాడను ముంచెను. ఇంటిముందు నిలిపిన కార్లు నీట మునిగినవి. మునిగిన కారును కడిగి, సీటుగుడ్డలు మార్చి, అత్తరు చల్లి అంగడిలో నిలిపినచో అది తళతళలాడుచునే యుండును. కాని సీటుబెల్టును చివరిదాక లాగినచో లోపల బురదచార కనబడును. కాలిక్రింది తివాచీని ఎత్తినచో ముక్కవాసన వచ్చును. సీటు పట్టాల క్రింద త్రుప్పు, హెడ్‌లైటు అద్దము లోపల ఆవిరి, ఇవి దాచిన కథను చెప్పును. ఎలక్ట్రానికు పెట్టెలలో చేరిన తేమ ఆ నాటికి కాక ఆరునెలలకు, ఏడాదికి తన పని చేయును. బ్రేకు సహాయ యంత్రమో, గాలిసంచియో అవసరమైన క్షణమున పనిచేయకపోయినచో అది కేవలము ధననష్టము కాదు, ప్రాణనష్టము. తిరిగిన కిలోమీటర్ల అంకెను త్రిప్పివేయుట మరియొక విద్య. మీటరు అబద్ధమాడినను, చాసిస్ నంబరుపై కంపెనీ వర్కుషాపులో వ్రాసియుంచిన సర్వీసు చరిత్ర సాధారణముగా నిజము చెప్పును.

కార్లు అమ్ముట, కుదుర్చుట, బాగుచేయుట, ఇవన్నియు కాయకములే. చెప్పులు కుట్టిన వారిని, పడవ నడిపిన వారిని, కట్టెలు కొట్టిన వారిని అనుభవమంటపమున సమముగా కూర్చుండబెట్టిన ధర్మము ఏ వృత్తిని తక్కువ చేయదు. వృత్తియందలి సత్యమునే అడుగును. నీట మునిగినదని తెలిసియు చెప్పక అమ్మినవాడు, ఇరువురి యొద్దను కమీషను తీసికొని ఒక్కరికి మాత్రమే చెప్పినవాడు నుదుట ఎంత విభూతి ధరించినను చేసినది కాయకము కాదు. తన కారు మునిగినదని ముందే చెప్పి, తక్కువ ధరకు అమ్మినవానికి కలిగిన నష్టము లక్షలలో నుండవచ్చును. ఆ లక్షలే అతని లింగపూజ.

కాగితముల విషయమున నిర్లక్ష్యము మరింత హానికరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒకే రాష్ట్రములో రిజిస్టరైన బండిని అమ్మినవాడు పదునాలుగు రోజులలోను, కొన్నవాడు ముప్పది రోజులలోను రవాణాశాఖకు తెలుపవలయును. 29, 30 నంబరు ఫారములు ఇందులకే. ఇతర రాష్ట్రపు బండియైనచో అచ్చటి నిరభ్యంతర పత్రము, ఇచ్చట జీవితకాల పన్ను అదనము. అప్పుపై కొన్న బండియైనచో అప్పు తీరినట్లు బ్యాంకు ఇచ్చు 35వ నంబరు ఫారము కూడ చూడవలయును. పన్ను తప్పించుకొనుటకు కొందరు సంవత్సరముల తరబడి పరరాష్ట్రపు నంబరుతోనే తిరుగుచుందురు. ఆ కారు వైరా దారిలో ఒక పేదవానిని ఢీకొన్నచో ఏమగును? రిజిస్టరులో పేరున్నవాడే యజమానియనియు, పరిహారపు బాధ్యత అతనిదేయనియు సర్వోన్నత న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పెను. ఎన్నడో అమ్మివేసి మరచిన మనుష్యుడు కోర్టు మెట్లెక్కును. చనిపోయినవాని భార్యాబిడ్డలు ఎవరిని అడుగవలయునో తెలియక తిరుగుదురు. భీమా పత్రమును తన పేరునకు మార్చుకొననివాడు తన బండి మరమ్మతునకు పరిహారమడిగి వెనుదిరుగవలసివచ్చును. పేరు మార్పించుకొనుటకు పట్టు రెండురోజుల శ్రమను కూడ దాసోహములో భాగముగానే ఎంచవలయును.

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారొకటి గలదు. ఆరవ నిజాము దానిని తెప్పింపదలచి, రాకముందే 1911లో మరణించెను. సింహాసనము వంటి ఆసనముతో వచ్చిన ఆ కారు తన జీవితమున నడచినది బహుస్వల్పము. చూడవచ్చినవారు నిలిచి ఫోటోలు దిగి పోవుదురు. మన గృహస్థుని కారును గూడ కొన్నాళ్ళు అట్లే చూతురు. తరువాత పొలము గట్టుదారిన అడుగుభాగము రాయికి తగులునని అతడు మోటారుసైకిలుపైననే పొలమునకు పోవును. కారు కప్పు వేసికొని వాకిట నుండును.

చివరిగా మఠముల మాట. కొందరు భక్తులు క్రొత్తకారు కొనుక్కొని, తమ పాత పెద్దకారును మఠమునకు సమర్పింతురు. భక్తి ఉన్నది, కాదనరాదు. కాని దాని భీమా, డ్రైవరు జీతము, మరమ్మతు ఖర్చు ఎచ్చటి నుండి వచ్చును? అన్నదాసోహపు బియ్యము నుండియే వచ్చును. ఒక్క గేరుబాక్సు మరమ్మతు విద్యార్థుల ఎన్నిపూటల భోజనమో లెక్కవేయుడు. ఇయ్యదలచినవారు ముందుగా స్వాములవారినే అడుగవలయును. వారికి కావలసినది బహుశః పదిమంది పిల్లలు, రెండు బియ్యపు బస్తాలు పట్టు సాదా జీపు కావచ్చును. పెద్దకారే కావలసినచో రెండేండ్ల మరమ్మతు సొమ్మును దానితోడనే సమర్పించి, పేరు మార్పు కాగితములు ఆ వారమే పూర్తిచేసి ఇయ్యవలయును.