ఒంటరి నక్షత్రము



పేరేసంద్రలో మా యౌవనస్థులు ఇంటిలోనే లేజరు యంత్రముతో క్రిస్మస్ అలంకారములు చేయుచున్నారు. తేటయైన అక్రిలిక్ బిళ్లపై బొమ్మ చెక్కి, అంచున చిన్న ఎల్.ఇ.డి. దీపము పెట్టుదురు. వెలుగు నున్నని బిళ్లలో కనబడక సాగి, గీత పడిన చోటనే బయటికి వచ్చును. గాయపడిన చోటనే ప్రకాశమని ఒక అవ్వ అన్నది.

అయితే ఏమి చెక్కవలెను? కొందరు బాలయేసు ముఖమన్నారు. పెద్దలు వెంటనే నిర్గమకాండము 20వ అధ్యాయము తీసిరి. అదే గ్రంథము 31వ అధ్యాయములో బెసలేలుకు చెక్కుపని నేర్పు దేవుని ఆత్మవలన కలిగినదే గదా! చెక్కుట కాదు, దానికి మ్రొక్కుటయే పాపమని మేము తలంచుచున్నాము.

మమ్మును నిజముగా భయపెట్టినది మరియొక సలహా. బెంగుళూరునుండి చందా పంపినవారి పేర్లు చెక్కుదమన్నారు. ముఖమునకు మ్రొక్కువారు మనలో లేరు. తన పేరు వెలుగుచుండగా మురియనివారెవరు? రెండు కాసులు వేసిన విధవరాలి పేరు మార్కు 12వ అధ్యాయములోనే లేదు. ఈ మాటకు కొందరు నొచ్చుకొనిరి, చందా తగ్గవచ్చును కూడ.

చివరకు నక్షత్రమొక్కటే చెక్కితిమి. 1853లో అమెరికాలోని ఆల్బనీ సభలో, నెల్లూరు మిషనును మూసివేయుదమా అను వాదము జరిగినప్పుడు, పటముపై ఏకాకిగా నున్న దానిని ఒంటరి నక్షత్రమన్నారు. ఆ పేరే నిలిచినది.

యంత్రము చేసినది చేతిపనియగునా అని ఇంకను అడుగువారున్నారు. వారు ఒక సాయంత్రము వచ్చి, పొగ పోవుటకు కిటికీలు తెరచి తీగలు అతుకుచున్న పిల్లల ప్రక్కన కూర్చుండవలెను.