తటస్థత - సమవర్తిత్వం: అంతర్జాల వాహక ధర్మంపై ఒక పరిశీలన

ప్రస్తావన

అంతర్జాలం అందరిదీ అనే మాట వాడుకలో స్థిరపడింది. యాజమాన్య దృష్టితో చూస్తే ఈ మాట నిలవదు. అంతర్జాలం ఒకే వల కాదు. వేర్వేరు యజమానులు గల వేలాది వలలు కొన్ని ఉమ్మడి నియమాలకు లోబడి కలిసిన సముదాయం. టెలికాం సంస్థలు, విశ్వవిద్యాలయాలు, వ్యాపార సంస్థలు, ప్రభుత్వ శాఖలు ఎవరి వలను వారే నిర్వహించుకుంటాయి. ఎవరి సొత్తు వారిదే అయినప్పుడు మొత్తం అందరిదీ ఎలా అయింది? ఇతరుల సమాచారాన్ని మోసే యజమాని పాటించవలసిన ధర్మం ఏమిటి? ఈ ధర్మానికి తెలుగులో ‘తటస్థత’ అనే పేరు వాడుతున్నారు. ఆ పేరు విషయానికి ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వహన స్వరూపం

భిన్నమైన వలలను కలిపే పద్ధతిని వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రతిపాదించారు. దాని నుంచి రూపొందిన టీసీపీ-ఐపీ నియమావళి 1983 జనవరి 1న ఆర్పానెట్‌లో అమలులోకి వచ్చింది. ఈ పద్ధతిలో సందేశం చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. దారిలోని రూటరు ప్యాకెట్‌పై ఉన్న చిరునామాను చూసి తరువాతి మజిలీకి అందిస్తుంది. లోపల ఉన్నది ఉత్తరమా, పద్దుల పుస్తకమా అని తెలుసుకోవలసిన అవసరం దానికి లేదు. తప్పిపోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపించుకోవడం, ముక్కలను వరుసగా కూర్చుకోవడం ఇరు చివర్లలోని కంప్యూటర్ల పని.

అయితే దారి ఎంపికలో వ్యాపార ప్రయోజనం ఉంది. తాను సొమ్ము చెల్లించవలసిన దారికంటే, తనకు సొమ్ము చెల్లించే వల మీదుగా పోయే దారినే ప్రతి వలా సాధారణంగా ఎంచుకుంటుంది. సమ ఉజ్జీలైన వలలు రుసుము లేకుండా సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకుంటాయి. ఇలాంటి ఒప్పందాలు లేనప్పుడు, ఒకే నగరంలోని ఇద్దరి మధ్య ప్యాకెట్ విదేశం చుట్టి రావచ్చు. దేశీయ సమాచారం దేశంలోనే చేతులు మారాలనే ఉద్దేశంతోనే భారతదేశంలో 2003లో నిక్సీ ఏర్పడింది. కనుక వాహకుడు ప్రయోజనాలకు అతీతుడు కాడు.

ఉమ్మడి బాటపై సొంత బాట

వ్యాపార సంస్థ తన శాఖలను కలుపుకోవడానికి రెండు ప్రధాన మార్గాలు ఉన్నాయి. మొదటిది, తనకే కేటాయించిన లీజు లైను. రెండవది వీపీఎన్. ఇందులో ప్యాకెట్ మొత్తాన్ని గుప్తీకరించి మరొక ప్యాకెట్‌లో ఉంచుతారు. ఇది కవరులో కవరు వంటిది. పై కవరు మీది చిరునామా తప్ప దారిలో ఎవరికీ మరేమీ తెలియదు. ఇక్కడ సొంత బాట అంటూ వేరే లేదు. ఉమ్మడి బాట మీద తాళం వేసిన పెట్టె ప్రయాణిస్తుంది.

2020 లాక్‌డౌన్ కాలంలో హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లలో ఇది ప్రత్యక్షంగా కనిపించింది. ఒకే బ్రాడ్‌బ్యాండ్ తీగపై తల్లి కార్యాలయపు రహస్య సమాచారం, బిడ్డ బడిపాఠం పక్కపక్కనే ప్రయాణించాయి. వాహకుడు తెరిచి చూడకుండా, తెలియనిదని ఆపకుండా మోయడం వల్లనే ఆ ప్రైవేటు వల సాధ్యమైంది. అంటే ప్రైవేటు గోప్యత ఉమ్మడి సమదృష్టికి రుణపడి ఉంది. ఆ సమదృష్టిని తనకోసం వాడుకునే సంస్థ, సొమ్ము చెల్లించి బిడ్డ పాఠాన్ని వెనక్కు నెట్టించడం న్యాయమా అన్నదే అసలు ప్రశ్న.

పదం చాలునా?

ఈ చర్చకు ఆంగ్లంలో ‘నెట్‌వర్క్ న్యూట్రాలిటీ’ అనే పేరును 2003లో టిమ్ వూ ప్రవేశపెట్టాడు. తెలుగులో అది తటస్థత అయింది. తటం అంటే ఒడ్డు. తటస్థుడు ఒడ్డున నిలిచినవాడు. వాదులాడే ఇద్దరిలో ఏ పక్షమూ వహించనివాడికి ఈ పదం తగినదే. వాహకుడు మాత్రం ఒడ్డున లేడు, ఏటి నడుమ పడవ నడుపుతున్నాడు. రూటరు వద్ద వరుస నిండినప్పుడు కొన్ని ప్యాకెట్లు ఆగాలి, కొన్ని రాలిపోవాలి. అక్కడ ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే.

తెలంగాణ గ్రామాల్లో చెరువు నీటిని పొలాలకు పంచే నీరడి ఇక్కడ గుర్తుకు వస్తాడు. నీరు అతడి సొత్తు కాదు. తూము మాత్రం అతడి చేతిలో ఉంది. నీళ్లు తక్కువైన ఏడాది అతడు నిజంగానే గట్టున కూర్చుంటే పై మడి తడుస్తుంది, కింది మడి ఎండుతుంది. కొరత ఉన్నచోట ఊరకుండటం ముందున్నవాడి పక్షం వహించడమే.

అందువల్ల వాహక ధర్మానికి ‘సమవర్తిత్వం’ అనే మాట ఎక్కువ తగినది. అమరకోశం యముడికి చెప్పిన పేర్లలో సమవర్తి ఒకటి. అందరి పట్ల సమంగా ప్రవర్తించేవాడని దాని అర్థం. ఇందులో ఉదాసీనత లేదు, ప్రవర్తన ఉంది. పోలికకు ఒక హద్దు కూడా ఉంది: యముడు కర్మలను విచారిస్తాడు, వాహకుడు కవరు విప్పి చూడకూడదు. మాటల సంభాషణ ఆలస్యాన్ని ఓర్చుకోదు, ఉత్తరం ఓర్చుకుంటుంది. ఆ రకాన్ని బట్టి వరుస సర్దడం సమవర్తిత్వానికి విరుద్ధం కాదు. పంపినవాడి పేరునో, చెల్లించిన సొమ్మునో బట్టి సర్దడం విరుద్ధం.

ఆక్షేపణలు

తీగ వేసినవాడికి దానిపై హక్కు లేదా అన్నది మొదటి ఆక్షేపణ. హక్కు ఉంది. కాని తీగ పరచిన దారి, వాడుకునే తరంగాలు సమాజం అనుమతించినవి. ఇతర వలలతో కలవకపోతే ఆ తీగకు విలువా స్వల్పమే. రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. ఏమీ లేని పేదకు కొన్ని సైట్లనైనా ఉచితంగా ఇవ్వడం మేలు కాదా? 2015లో ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ సమర్థకులు చేసిన వాదం ఇదే. ఆకలిగొన్నవాడికి పూర్తి భోజనం వచ్చేదాకా ఆగమనడం సులభం కాదని అంగీకరించాలి. అయితే ఆ దానంలో ఏది చూడాలో తేల్చే అధికారం దాత చేతిలోనే ఉండిపోతుంది. పేదవాడికి దక్కేది బాట కాదు, ఒకరి పెరటిలోకి ప్రవేశం.

ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న విషయాన్ని బట్టి డేటా ధరలు మార్చడాన్ని నిషేధించింది. బయటివారికి తెరవని సంవృత వలలను అదే నిబంధన మినహాయించింది. ఆ మినహాయింపు నిషేధాన్ని తప్పించుకునే సాధనం కారాదని షరతు పెట్టింది. అత్యవసర సేవలకు ధర తగ్గించే వీలు కూడా కల్పించింది. 2017 నవంబరు సిఫారసులు ప్రత్యేక సేవలను అనుమతిస్తూనే, అవి సాధారణ అంతర్జాల సేవ నాణ్యతకు హాని చేయరాదన్నాయి. ఇవి ఒడ్డున నిలిచినవాడికి చెప్పే నియమాలు కావు. తూము చేతబట్టినవాడికి చెప్పే నియమాలు.

ముగింపు

అంతర్జాలం అందరిదీ కావడానికి కారణం తీగల యాజమాన్యం కాదు, వాహకుల ప్రవర్తన. ప్రైవేటు వల ఉండటం దోషం కాదు. తనను మోస్తున్న ఉమ్మడి బాటను ఇరుకు చేసినప్పుడే అది దోషం అవుతుంది. తటస్థత అనే పదం ఈ బాధ్యతను కొంత మరుగుపరుస్తుంది. వాడుకలో ఆ పదమే నిలిచినా, దాని అర్థంలో సమవర్తిత్వాన్ని చేర్చి చదువుకోవలసి ఉంది.